అక్క చదివిన నవల

నేను రిటైరైన మరుసటి ఎండాకాలం, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న నా పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసింది. తొమ్మిదో తరగతిలో నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. పండగలకు మెసేజ్ పెట్టడం తప్ప మాట్లాడి చాలా కాలమైంది. కుశల ప్రశ్నలయ్యాక అసలు సంగతికి వచ్చింది.

“మేడం, మీరు క్లాసులో చెబుతుండే నవల పాత పుస్తకాల షాపులో దొరికింది. ఆశగా చదివాను. మీరు చెప్పిన పడవ ప్రయాణం అందులో లేదు. తలుపు తియ్యని ఘట్టం కూడా లేదు. వేరే పుస్తకమేమో అనుకుని మళ్లీ చూశాను. అదే పేరు, అదే రచయిత. ఏ పేజీలో ఉన్నాయో కాస్త చెప్తారా?”

“గబగబా చదివేసి ఉంటావు. నిదానంగా చూడు,” అన్నాను.

“లేదు మేడం. మా అమ్మాయికి చదివి వినిపిద్దామని వెతికి వెతికి చూశాను.”

“అయితే పేజీలు చిరిగిన పుస్తకం నీకు అంటగట్టి ఉంటారు,” అని నవ్వి పెట్టేశాను. పెట్టేశాక మాత్రం చిరాకు మిగిలింది. ఎవరో మా ఇంటికి వచ్చి, ఇక్కడ ఇంకో గది ఉండాలే, ఏదీ, అని అడిగినట్టు అనిపించింది.

ఆ నవల నాకు అంతటిది. మా జిల్లాలో నేను పనిచేసిన హైస్కూళ్లు అన్నిట్లోనూ, ఏదో ఒక పాఠం సందర్భంలో దాన్ని తీసుకొచ్చేదాన్ని. కథ కొత్తదేం కాదు. తల్లీతండ్రీ లేని అమ్మాయి మేనమామ ఇంట్లో పెరిగి ఒక పెద్దింటికి కోడలుగా పోతుంది. భర్త ఆమెను అనుమానించి, వాన కురుస్తున్న సాయంత్రం ఇంట్లోంచి గెంటేస్తాడు. అక్కణ్నుంచే నేను పిల్లలకు చెప్పడం మొదలుపెట్టేదాన్ని.

ఆ అమ్మాయి కాలువ గట్టున తడుస్తూ నడిచి ఒక కట్టెల పడవ దగ్గరికి చేరుతుంది. పడవ నడిపేది ఒక ముసలామె. “యాడికి పోవాల మే?” అని అడుగుతుంది. ఈ అమ్మాయి ఏడుస్తుందే తప్ప చెప్పదు. “ఏడుపు ఒక ఊరు గాదు గదా. యాడో ఒక చోటు చెప్పు,” అంటుంది ముసలామె. పడవ దక్షిణంగా సాగుతుంది. సరుగుడు తోటలు, ఉప్పు మడులు, నీళ్లలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు. పోయేకొద్దీ ముసలామె ఆ అమ్మాయికి వెదురు గడతో పడవ తోయడం నేర్పుతుంది. అరచేతులు బొబ్బలెక్కుతాయి, తర్వాత కాయలు కాస్తాయి. పడవ దిగేసరికి ఆమె వేరే మనిషి.

చివర్లో భర్తకు నిజం తెలిసి, ఆమెను వెతుక్కుంటూ వస్తాడు. ఆమె ఒక చిన్న ఇంట్లో మిషను కుట్టుకుంటూ ఉంటుంది. అతను తలుపు తట్టి క్షమించమంటాడు. ఆమె తలుపు తియ్యదు. “ఎండన పడి వచ్చినావు. కిటికీలో చెంబుతో నీళ్లు పెట్టినా. తాగి పో,” అంటుంది. అంతే. మళ్లీ మిషను చప్పుడు వినిపిస్తుంది.

ఈ మాట చెప్పినప్పుడల్లా క్లాసులో ఆడపిల్లలు నిటారుగా కూర్చునేవారు. నేను ఇంకాస్త ముందుకు పోయి, “చూశారా, ఎక్కడో గోదావరి ఒడ్డున పుట్టిన రచయిత మన నెల్లూరు మాటను ఎంత బాగా పట్టుకున్నాడో,” అని మెచ్చుకునేదాన్ని కూడా. తెలుగులో ఎం.ఏ. చేసినదాన్ని. అదెలా సాధ్యమని ఒక్కసారైనా ఆలోచించలేదు.

నిజానికి ఆ నవల నేను చదవలేదు. విన్నాను.

మా ఊరు మైపాడు పోయే దారిలో, కాలువకు దగ్గర. మా నాయన కట్టెల పడవలకు సరుగుడు మోపులు ఎత్తే పనికి పోయేవాడు. అమ్మ నాట్లకూ కోతలకూ పోయేది. అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మకు కీళ్లవాతం వచ్చి మంచాన పడ్డ సంవత్సరం, తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. అమ్మ కాస్త తేరుకున్నాక కూడా మళ్లీ పంపలేదు. వంట, నీళ్లు, బర్రె, నేను, అన్నీ అక్క మీదే పడ్డాయి.

అక్కకు బాగా వచ్చిన పని చదవడం. ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి పెద్దలు ఆమెనే లేపేవాళ్లు. ఎక్కడా తడబడేది కాదు. వెనక బెంచీలో చెవుడున్న ముసలాళ్లకు కూడా అక్షరం పొల్లుపోకుండా వినపడేది. పాస్టరమ్మ గారికి అక్క అంటే ఇష్టం. ఆమె వారపత్రికల్లో వచ్చే సీరియల్ నవలలు చించి, వరసగా పేర్చి, దారంతో కుట్టి, అట్టలకు పాత చీర గుడ్డ అంటించి ట్రంకుపెట్టెలో దాచుకునేది. పాస్టరు గారికి నవలలంటే గిట్టదు. అందుకని ఒక్కో పుస్తకాన్ని పాటల పుస్తకాల సంచీలో పెట్టి అక్క చేతికిచ్చేది.

పొద్దు గూకి అన్నాలు తిన్నాక అక్క అమ్మ మంచం పక్కన చాప వేసి, బుడ్డి దీపం పెట్టుకుని చదివేది. నేను తన తొడ మీద తల పెట్టుకుని వినేదాన్ని. నాయన బయట బీడీ కాల్చుకుంటూ విననట్టు కూర్చునేవాడు. ఒక్కోసారి సముద్రం గాలికి దీపం ఆరిపోయేది. అమ్మ అగ్గిపెట్టె కోసం తడుముకునే లోపల కూడా అక్క ఆగేది కాదు. చీకట్లో అదే గొంతుతో చదువుతూనే ఉండేది. మా అక్కకు పుస్తకాలు కంఠతా వచ్చని బళ్లో గొప్పలు చెప్పుకునేదాన్ని.

“నేను చదువుతా, ఇవ్వక్కా,” అని అప్పుడప్పుడు పుస్తకం లాక్కోబోయేదాన్ని.

“నీ చేతిలో పడితే నలిగిపోతాది. పాస్టరమ్మ తిడతాది,” అని చీర మడతల్లో దోపుకునేది.

ఏడో తరగతి అయ్యాక నన్ను నెల్లూరులో హాస్టల్లో వేశారు. ఆ మరుసటి ఏడు అక్కకు పెళ్లయింది. తోటపల్లి గూడూరు అవతల ఊరు. బావ ట్రాక్టరు తోలేవాడు. మంచిగా ఉన్నప్పుడు మంచివాడే. తాగినప్పుడు అక్క ఇంటి చుట్టుపక్కల అందరికీ తెలిసేది. పది రోజులు కనపడకుండా పోయేవాడు, ఎవరి ఇంట్లోనో ఉండి వచ్చి తలుపు కొట్టేవాడు. అక్క తీసేది. తర్వాత ఆ చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల గుంటలయ్యాయి. అక్క రొయ్యలు ఒలిచే షెడ్డుకు పనికిపోయి పిల్లలను పెంచింది.

నా పెళ్లి నేను కొడవలూరు వైపు ఉద్యోగంలో ఉండగా అయింది. ఆయన చదువుకున్నవాడే. చెయ్యి చేసుకోవడానికి ఆయనకు తాగుడు కూడా అవసరం లేదు. ఒకరోజు బడి నుంచి ఇంటికి పోకుండా, తోటి టీచరు సాయంతో ఒక గది అద్దెకు తీసుకుని అక్కడే ఉండిపోయాను. కొన్నాళ్లకు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని మధ్యాహ్నం వచ్చాడు. నేను తలుపు తియ్యలేదు. ఆ నవల్లో అమ్మాయిలాగా నిబ్బరంగా మాట్లాడలేకపోయాను.  కానీ గడియ మీద చెయ్యి వెయ్యలేదు. వాళ్లు చాలాసేపు పిలిచి వెళ్లిపోయారు. ఆ తర్వాత కోర్టు, విడాకులు అన్నీ అయ్యాయి గానీ, నా లెక్కలో ఆ పెళ్లి ఆ మధ్యాహ్నమే అయిపోయింది.

ఆ వారంలోనే అక్క గిన్నెలో చేపల పులుసు పట్టుకుని నన్ను చూడటానికి వచ్చింది. తింటూ జరిగిందంతా చెప్పాను.

“ఆ నవల లేకపోతే నాకు ధైర్యం వచ్చేది కాదక్కా,” అన్నాను.

“ఏ నవల?”

“పాస్టరమ్మ గారిది. పడవ ఎక్కుతుంది చూడు, ఆ అమ్మాయి. చివర్లో తలుపు తియ్యదు.”

అక్క నా ముఖంలోకి కాసేపు చూసింది. ఏదో అనబోయి ఆగి, ఖాళీ గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి పోయింది. తిరిగొచ్చి, “బస్సుకి టైమయిందే,” అని సంచి సర్దుకుంది. నేను మొగుణ్ని వదిలి రావడం ఆమెకు నచ్చలేదేమోనని అనుకున్నాను. ఆ అనుమానం మనసులో పెట్టుకుని కొంతకాలం ఆమెతో ముభావంగా కూడా ఉన్నాను.

ఇదంతా నా విద్యార్థిని ఫోన్ చేసిన తర్వాతే మళ్లీ గుర్తొచ్చింది. ఆమెకు అసలు పుస్తకం చూపించి నోరు మూయించాలని నాకు పట్టుదల పుట్టింది. అచ్చయిన పుస్తకంలో లేకపోయినా వారపత్రికలో వచ్చినప్పుడు ఉండే ఉంటుందని నా నమ్మకం. పాస్టరమ్మ గారు పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ కూతురు నెల్లూరులోనే ఉంది, ఆదివారాలు చర్చిలో కనపడుతుంటుంది. ఆమె ఇంటికి వెళ్లి అడిగాను.

“అమ్మ పోయినాక ఆ పెట్టె తెరవలేదక్కా. ఎలకలు మిగిలిస్తే చూడు,” అని అటక మీదినుంచి పెట్టె దింపించింది.

మూత తీయగానే పాత కాగితం వాసన, కలరా ఉండల వాసన కలిసి వచ్చింది. అడుగున ఉంది. అట్ట మీద అదే వంకాయరంగు చీర గుడ్డ. మూల మీద ఆముదం మరక లాంటిది.  ఆమె ఉంచుకోమంది. నెల్లూరులోనే మైపాడు గేటు దగ్గరున్న మా ఇంటికి ఆటోలో వస్తూ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారిలోనే తెరవచ్చు. తెరవలేదు. దాచుకుని తిందామనుకున్నాను.

మర్నాడు పొద్దున పనులు ముగించుకుని ఫ్యాను కింద కూర్చుని మొదలుపెట్టాను. మొదటి పేజీలు చదువుతుంటే అక్క తొడ మీద పడుకున్నట్టే ఉంది. తర్వాత తర్వాత నా ముఖంలో నవ్వు సడలింది. నా చిన్నప్పటి అమ్మాయి ఇంత ఏడుపుగొట్టుది కాదే. పేజీకొకసారి కళ్లు తుడుచుకుంటోంది. ఆమె భర్త వెడల్పాటి ఛాతీ గురించి, ఉంగరాల జుట్టు గురించి రచయిత పేరాలకు పేరాలు రాసుకుపోయాడు. మేనమామ భార్య గయ్యాళి, తోటికోడలు గయ్యాళి, పనిమనిషి కూడా గయ్యాళే. మా ఇంట్లో విన్నప్పుడు ఆ మేనమామ భార్యకు నడుంనొప్పి ఉండేది. ఆ నొప్పి వల్లే కసురుతుందని అమ్మ జాలిపడేది కూడా. ఇక్కడ ఆమెకు ఏ నొప్పీ లేదు. చెడ్డది, అంతే.

వాన కురిసే సాయంత్రం దగ్గరికి వచ్చాను. భర్త గెంటేశాడు. పేజీ తిప్పాను.

‘ఆమె రైలెక్కి పట్నం చేరుకుంది. అక్కడ ఒక దూరపు బంధువు ఆమెకు ఆశ్రయమిచ్చాడు.’

వెనక్కి తిప్పి చూశాను. ముందుకు తిప్పి చూశాను. ఒక్కో భాగం మీద వేసిన నంబర్లు వరసగా ఉన్నాయి. వారం వారం వచ్చిన భాగాలు ఒకదాని తర్వాత ఒకటి సరిగ్గా అతుకుతున్నాయి. దారం కుట్టు ఎక్కడా వదులు కాలేదు. కాలువ లేదు, ముసలామె లేదు. అయినా చివరికంటా చదివాను. చివర్లో భర్త వచ్చాడు. తలుపు బార్లా తీసే ఉంది. ఆమె పరుగెత్తుకొచ్చి అతని కాళ్ల మీద పడి, ఆ పాదాల దగ్గరే తన స్వర్గం ఉందని చెప్పింది.

పుస్తకం మూసేశాను. మొదట వచ్చింది కోపం, రచయిత మీద. తర్వాత సిగ్గు. గోదావరి ఒడ్డు రచయితకు మా కాలువ ఎలా తెలుస్తుంది? ఆయన పడవ మనిషి చేత, మా వైపు ఆడపిల్లను పిలిచినట్టు, ‘మే’ అని ఎందుకు పిలిపిస్తాడు? నా జీవితంలో నేను ఎక్కువసార్లు చెప్పిన కథ, ఎందరో పిల్లలకు అప్పగించిన కథ, మా ఇంట్లో బుడ్డి దీపం ముందు పుట్టిందని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. అక్క నోట విని నేను మనసులో దాచుకున్న మిగతా నవలలు కూడా ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అందులో ఏది ఎవరిది?

తెల్లారి బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్లాను. బావ పోయాడు. అక్క కొడుకు దగ్గర ఉంటుంది. ఊరి చుట్టూ రొయ్యల గుంటలు, వాటిలో గాలి కొట్టే చక్రాల మోత. అక్క పెరట్లో రాయి ముందు కూర్చుని బొమ్మిడాయిలు బూడిదతో రుద్దుతోంది. ఏళ్లకేళ్లు ఐసు నీళ్లలో రొయ్యలు ఒలిచి ఆమె వేళ్లు కొనల్లో గట్టిపడి వంకర పోయాయి.

“ఏందే, ఫోనన్నా చెయ్యకుండా ఇట్టా ఎండలో వచ్చినావు?” అంది.

సంచీలోంచి పుస్తకం తీసి చూపించాను. చేతులు బూడిదగా ఉన్నాయని ముట్టుకోలేదు. ముఖం దగ్గరికి తెచ్చి చూసింది.

“పాస్టరమ్మ పుస్తకం గదా! యాడ దొరికింది నీకు?”

“ఇందులో పడవ లేదక్కా.”

“ఏ పడవ?”

చెప్పాను. ఆమె మళ్లీ చేప చేతిలోకి తీసుకుంది. “ఉండేదేమో. ఎవురో చించేసుంటారు.”

“చిరగలేదు. అన్నీ చూశాను. ఆ అమ్మాయి రైలెక్కి పోయింది.”

అక్క ఒక్కసారిగా నవ్వింది. “అవును, రైలే! ఒక్క ముక్కలో పంపించేసినాడు మహానుభావుడు. వాన్లో గెంటేసిన పిల్ల, చేతిలో చిల్లిగవ్వ ల్యాకుండా రైలెట్టా ఎక్కుద్దే? టిక్కెట్టు ఎవురు కొనిచ్చినారు?”

“అందుకని మార్చేశావా?”

“మార్చాలని మార్చలా. చదవతా ఉంటే అట్టా వచ్చేసేది. నాయనతో ఒకసారి కట్టెల పడవలో పోయినా. నువ్వప్పటికి పుట్టలా. ఆ పడవలో ఒక ముసలామె ఉండింది. మాట భలే గట్టిగా మాట్లాడేది. దాన్ని తెచ్చి ఇందులో కూర్చోబెట్టినా.”

“బైబిలు కూడా ఇట్లాగే చదివేదానివా?” అన్నాను నవ్వుతూ.

“ఛ! నోరు కడుక్కో. అది దేవుడి మాట, ఒక్క అక్షరం కదిలించకూడదు. ఇయ్యి మనుషులు రాసినయ్యే గదా. మనుషులు రాసినయ్యి మనుషులు మారిస్తే ఏమైంది?”

నేను రాయి పక్కనే కింద కూర్చున్నాను. 

“తలుపు తియ్యకపోవడం కూడా నీదేనా?”

అక్క చేపల మీద నీళ్లు పోసింది. “అమ్మ వింటా ఉండింది అప్పుడు. ఆ పిల్ల పోయి వాడి కాళ్ల మీద పడిందని చదవాల. నాకు చదవబుద్ధి కాలా. నువ్వు గూడా నోరు తెరుచుకోని చూస్తా ఉండావు.”

“ఆ రోజు నేను తలుపు తియ్యనిది ఆ మాట వల్లే అక్కా.”

“తెలుసు. చెప్పినావు గదా, పులుసు తెచ్చిన రోజు.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు, అది నీ మాటేనని?”

“చెప్తే ఏమొస్తాది? పుస్తకంలో ఉండాది అనుకుంటే నీకు ధైర్యం. అక్క చెప్పిందంటే ఏముండాది?” అంది, ఇంకో చేపను రాయి మీద పెడుతూ.

నేను అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. “మరి బావ వచ్చిన ప్రతిసారీ నువ్వెందుకు తీసేదానివక్కా?”

అక్క నన్ను చూడలేదు. గొంతు కూడా మారలేదు. “ఆ పిల్లకు చెప్పేదానికి నేను ఉండా. నాకు ఎవురుండారే?” అంది. వెంటనే, “ఆ ఉప్పు గిన్నె ఇట్టా అందుకో,” అంది.

అందించాను. నేను ఉన్నాను కదా అనాలనిపించింది. కానీ ఆ సంవత్సరాల్లో నేను హాస్టల్లో ఉన్నాను, కాలేజీలో ఉన్నాను, ఊరూరా ఉద్యోగంలో ఉన్నాను. క్రిస్మస్‌కు కొత్త చీర పట్టుకుని వచ్చి, బాగున్నావా అని అడిగి, బాగున్నా అంటే నమ్మి పోయేదాన్ని. ఏ పిల్ల వ్యాసంలో ఒక్క మంచి వాక్యం కనపడినా స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించేదాన్ని. ఆ పిల్ల తల్లిదండ్రులను పిలిపించి, చదువు మాన్పించొద్దని చెప్పేదాన్ని. మా అక్క చేత ఒక్క కథ రాయించాలని గానీ, కనీసం ఇంకొకసారి చెప్పించుకోవాలని గానీ నాకు ఎప్పుడూ తోచలేదు. ఆమె నా లెక్కలో చదివి వినిపించే గొంతు మాత్రమే. కథలు చెప్పేవాళ్లు వేరే ఎక్కడో, పుస్తకాల అట్టల మీద ఉంటారనుకున్నాను.

ఆ రోజు బొమ్మిడాయిల పులుసు తిని వచ్చేశాను. కానీ ఊరుకోబుద్ధి కాలేదు. రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. ఆ పడవ కథ మొత్తం మొదటినుంచీ చెప్పమని, ఫోన్లో రికార్డు చేసుకుంటానని అడిగాను. అక్క సిగ్గుపడింది. కోడలు ఇంట్లో ఉందని వెనక్కి వెనక్కి చూసింది.

“ఏం చెప్పేది ఇప్పుడు? అయ్యన్నీ యాడ గుర్తుండాయి?”

“నాకు గుర్తున్నాయి. నువ్వు మొదలుపెట్టు, నేను అందిస్తాను.”

గొంతు సవరించుకుంది. “ఒక పిల్ల వాన్లో పోతా ఉండాది. కాలవ కాడికొచ్చింది. ఆడ పడవ ఉండాది…” ఆగింది. నేను ముసలామె మాట అందించాను. అక్క నవ్వి తల ఊపింది గానీ ముందుకు పోలేదు. ఫోన్ వంక అనుమానంగా చూసింది. “రావడం ల్యా. చేతిలో పుస్తకం ఉంటేనే వచ్చేది నాకు,” అంది.

పుస్తకం సంచీలోనే ఉంది. తీసి చేతిలో పెట్టాను. ఆశ పడలేదని చెప్పలేను. అక్క లోపలికి పోయి, కంటి ఆపరేషను తర్వాత ఇచ్చిన కళ్లజోడు పెట్టుకుని వచ్చింది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఆ వాన సాయంత్రం పేజీ తానే వెతికి పట్టుకుంది. చదవడం మొదలుపెట్టింది.

గొంతు బొంగురుపోయింది గానీ పలుకు అదే. చర్చిలో వాక్యం చదివినట్టు అక్షరం అక్షరం స్పష్టంగా చదివింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. భర్త ఆమెను గెంటేశాడు. వాన పెరిగింది.  అక్క పేజీ తిప్పింది. ఆమె రైలెక్కి పట్నం చేరుకుందని చదివింది. దూరపు బంధువు ఆశ్రయమిచ్చాడని చదివింది. ఆగకుండా ఆ కింది పేరాలోకి పోయింది. అందులో ఏమున్నదో అదే చదివింది. ఒక్క మాట ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు.

కొన్ని పేజీలయ్యాక కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.

“బాగానే ఉండాది గదే. ఎందుకు మార్చినానో ఏమో,” అంది.

 ఆ కథ ఆమెలో ఎప్పుడు ఎండిపోయిందో, నేను ఏ సంవత్సరంలో వచ్చి అడిగి ఉంటే ఇంకా తడి మిగిలి ఉండేదో తెలియదు. అమ్మ పోయిన ఏడా? షెడ్డులో వేళ్లు బాగా పాడైన ఏడా? నేను ముభావంగా ఉన్న ఆ కొద్దికాలమేనా? ఫోన్లో రికార్డు ఆపేశాను. కోడలు టీ తెచ్చిచ్చింది. రొయ్యల రేటు పడిపోయిందని, గుంటల్లో ఏదో తెగులు వచ్చిందని మాట్లాడుకున్నాం.

ఇంటికి వచ్చి, నాకు గుర్తున్నంతవరకూ ఆ పడవ కథ రాద్దామని కూర్చున్నాను. రాశాను కూడా. తప్పుల్లేని తెలుగు. ఎక్కడ విరామం పెట్టాలో అక్కడ పెట్టాను. చదివి చూసుకుంటే ముసలామె తెలుగు మేష్టరులా మాట్లాడుతోంది. రెండుసార్లు తిరగరాశాను. ఇంకా మేష్టరు ఎక్కువయింది, ముసలామె తగ్గింది. పక్కన పెట్టేశాను. చిన్నప్పటి మిగతా నవలల్లో ఒకటి రెండు దొరికే దారి ఉంది గానీ, వెతకడం లేదు.

పుస్తకం అక్క దగ్గరే ఉంచి వచ్చాను. మొన్న వెళ్లేసరికి ఆమె వసారాలో కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుని ఉంది. మధ్యాహ్నం పూట కాస్త కాస్త చదువుతోందని కోడలు చెప్పింది.

“ఎంతవరకు వచ్చిందక్కా?” అన్నాను.

“ఇంకా సగం ఉండాది. ఆ పిల్ల ఏడస్తానే ఉండాది,” అంది. “పోయి చేతులు కడుక్కో, అన్నం తిందాం. ఈ పేజీ అయిపోనీ.”

నేను స్తంభం పక్కన కూర్చున్నాను. నాకు వినిపించమని అడగలేదు. అక్క తనకు తాను చదువుకుంటోంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. పేజీ తిప్పడానికి చాలాసేపు పట్టింది.